సర్కారుకి రూపాయి కూడా మిగల్చని స్మార్ట్ కార్డు

ప్రభుత్వం కొత్త యాప్ తెచ్చినా, పోర్టల్ తెచ్చినా, వేలిముద్ర మిషన్ తెచ్చినా, కొన్నాళ్ళకి ప్రెస్‌మీట్‌లో ఒక అంకె తప్పకుండా వినపడుతుంది. దీనివల్ల ఖజానాకి ఇన్ని వేల కోట్లు ఆదా అయ్యాయని. మర్నాడు పేపర్లో హెడ్డింగ్ కూడా అదే. చదివే మనం కూడా టెక్నాలజీ వస్తే దొంగలు పట్టుబడతారు, దొంగలు పట్టుబడితే డబ్బు మిగులుతుంది, మిగిలిన డబ్బుతో దేశం బాగుపడుతుంది అని ఓ వరస కట్టేసుకుంటాం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పేద దేశాల్లో ప్రభుత్వ ఖర్చుకి టెక్నాలజీ తోడై జనం ఆదాయం పెరిగిందని గట్టి రుజువున్న ఒక పెద్ద ఉదాహరణ తీసుకుంటే, అందులో ప్రభుత్వానికి మిగిలింది దాదాపు సున్నా. అది జరిగింది ఎక్కడో కాదు, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టారు. పని కావాలన్నవాళ్ళకి కొదవ లేదు, డబ్బు ఢిల్లీ నుంచి వచ్చేది. చిక్కంతా కూలి చేతికి అందడం దగ్గరే. హాజరు ఫీల్డ్ అసిస్టెంట్ మస్టర్‌లో రాస్తాడు, అది మండల ఆఫీసుకి వెళ్ళి కంప్యూటర్లోకి ఎక్కుతుంది, అక్కడ కూలి లెక్కకట్టి డబ్బు పోస్టాఫీసుకి పంపిస్తారు, చివరికి ఊరి బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్ నగదు తెచ్చి పంచుతాడు. ప్రతి మలుపులోనూ ఆలస్యం, ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరి చేయి తడిసే అవకాశం. నాలుగు రోజులు పనిచేసిన మనిషి పేరు మీద ఆరు రోజులు రాస్తే ఆ రెండు రోజుల డబ్బు ఎవరిది? పాస్‌బుక్ చాలాచోట్ల కూలీ దగ్గర ఉండేది కాదు. చదువురాని మనిషి వేలిముద్ర వేయమన్నచోట వేస్తుంది, చేతిలో పెట్టింది తీసుకుంటుంది, తన పేరు మీద పైనుంచి ఎంత దిగిందో ఆవిడకి తెలిసే దారే లేదు. ప్రభుత్వం పంపే రూపాయిలో పేదవాడికి చేరేది 15 పైసలేనని 1985లో రాజీవ్ గాంధీ అన్నమాట మనవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉపాధి హామీ మరీ అంత అధ్వాన్నం కాదు గానీ, లెక్కల్లో చెల్లించినట్టున్న దాంట్లో దాదాపు 30 శాతం కూలీల ఇంటికి చేరడం లేదని తర్వాత చేసిన సర్వేల్లో తేలింది.

దీనికి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన మందు స్మార్ట్ కార్డు. కార్డులో చిప్పు, అందులో ఫోటో, వేలిముద్రలు. ప్రభుత్వం డబ్బు బ్యాంకుకి ఇస్తుంది, బ్యాంకు ఒక టెక్నాలజీ కంపెనీని పెట్టుకుంటుంది, ఆ కంపెనీ ఊళ్ళోనే ఒక మనిషిని నియమించి చేతికి మిషన్ ఇస్తుంది. ఆ మనిషి సాధారణంగా పదో తరగతి చదివిన స్వయం సహాయక సంఘం మహిళ, ఆ ఊరి ఆడపడుచో కోడలో. కూలీ వచ్చి కార్డు పెట్టి వేలు ఆనిస్తే ఎంత వచ్చిందో మిషన్ చెబుతుంది, డబ్బు అక్కడికక్కడే చేతిలో పడుతుంది. ఈ ఏర్పాటుకి ప్రభుత్వం చెల్లింపుల మీద 2 శాతం కమిషన్ ఇచ్చేది. అంటే పథకం అసలు ఖర్చుకి తోడు ఇది కొత్త ఖర్చు. ఖజానా కళ్ళతో చూస్తే మొదటిరోజు నుంచే నష్టం.

ఇక్కడ ఒక మంచి పని జరిగింది, ఎవరూ ప్లాన్ చేయకుండానే. కొన్ని జిల్లాల్లో ముందు ఒప్పందం కుదుర్చుకున్న బ్యాంకులు పని మొదలుపెట్టలేదు. దాంతో 2010లో అక్కడ ఒప్పందాలు మళ్ళీ మొదటినుంచి చేసుకోవాల్సి వచ్చింది. ఆ సందు చూసి కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రభుత్వాన్ని ఒప్పించారు: ఎలాగూ అన్ని మండలాల్లో ఒకేసారి పెట్టలేరు కదా, ఏ మండలం ముందు, ఏది తర్వాత అన్నది లాటరీ వేసి తేల్చండి అని. ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం, ఈ ఎనిమిది జిల్లాల్లో 157 మండలాలు, కోటీ 90 లక్షల జనాభా. లాటరీ ఎందుకంత ముఖ్యం అంటే, మామూలుగా కొత్త పథకం ఎక్కడ మొదలవుతుందో మనకి తెలిసిందే, కలెక్టర్ చురుగ్గా ఉన్నచోట, రోడ్డు బాగున్నచోట, ఎమ్మెల్యే పలుకుబడి ఉన్నచోట. అక్కడ ఫలితం బాగుంటే అది మిషన్ గొప్పతనమా కలెక్టర్ గొప్పతనమా చెప్పలేం. లాటరీ వేస్తే ఆ గొడవ ఉండదు, ముందు వచ్చిన మండలాలకీ తర్వాత వచ్చిన మండలాలకీ మధ్య తేడా అంటూ ఉంటే అది కార్డువల్లే.

రెండేళ్ళ తర్వాత, 2012లో మళ్ళీ సర్వే చేశారు. అప్పటికి కార్డులు పెట్టాల్సిన మండలాల్లో కూడా చెల్లింపుల్లో సగమే కార్డు ద్వారా జరుగుతున్నాయి. మన ప్రభుత్వ పథకం కదా, ఆమాత్రం ఉంటుంది. అయినా కూలి డబ్బు చేతికి రావడంలో ఆలస్యం 6 నుంచి 10 రోజుల దాకా తగ్గింది. డబ్బు తెచ్చుకోవడానికి పట్టే టైము ఒక్కోసారికి 22 నిమిషాలు తగ్గింది. కూలీల ఇళ్ళకి చేరిన ఉపాధి డబ్బు 24 శాతం పెరిగింది. మధ్యలో మాయమయ్యేది 12.7 శాతం పాయింట్లు పడిపోయింది, అంటే మునుపటి దాంట్లో 40 శాతం పైచిలుకు. పింఛన్లలో కూడా లీకేజీ సగానికి దగ్గరగా తగ్గింది. కూలీలకి కలిసొచ్చిన టైము విలువ ఒక్కటే లెక్కేసినా కార్డుల ఖర్చు వచ్చేసిందని ఆ ముగ్గురూ లెక్కకట్టారు.

ఇప్పుడు సున్నా సంగతి. ప్రభుత్వం పథకం మీద పెట్టిన ఖర్చు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ముందు ఎంత పంపిందో తర్వాతా దాదాపు అంతే పంపింది. మారింది దారి ఒక్కటే. మధ్యలో ఎవరి జేబులోకో పోయేది, పనిచేసినవాళ్ళ చేతికి వచ్చింది. ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్‌లో కూర్చున్న అధికారికి ఈ పథకం ఫైలు చూపిస్తే, కార్డులకి ఇంత ఖర్చయింది, ఆదా ఏమీ లేదు, ఎందుకు కొనసాగించాలి అని అడుగుతాడు. ఆయన లెక్క ప్రకారం ఆ ప్రశ్న సరైనదే కూడా. లెక్కే సరిపోదు.

సరే, డబ్బు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది, అందులో ఆర్థికాభివృద్ధి ఏముంది అని అడగొచ్చు. ఈ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఈ భాగమే, మన చర్చల్లో అస్సలు రానిది కూడా ఇదే.

కార్డు వచ్చిన మండలాల్లో పేద కుటుంబాల మొత్తం ఆదాయం 14 శాతం పెరిగింది. పేదరికం 26 శాతం తగ్గింది. అందరం ఏమనుకుంటాం, ఉపాధి డబ్బు సరిగ్గా వచ్చింది కాబట్టి పెరిగింది అనుకుంటాం. కాదు. పెరిగిన ఆదాయంలో 86 శాతం ఉపాధి హామీ నుంచి వచ్చింది కాదు, బయట పనుల నుంచి వచ్చింది. బయట కూలి రేట్లు పెరిగాయి, బయట దొరికే పని కూడా పెరిగింది. ప్రభుత్వం ఒక చోట చెల్లింపు సరిచేస్తే, ఫలం ఎక్కువ భాగం ప్రభుత్వానికి సంబంధం లేని చోట కాసింది.

ఎలా జరిగింది? ఊళ్ళలో కరువు పని అని పిలిచే ఈ ఉపాధి పని డబ్బు ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో తెలియనంత కాలం ఆ పని ఉన్నా లేనట్టే. ఆసామి పొలం దగ్గర నిలబడి 100 ఇస్తానంటే, ఇంట్లో బియ్యం నిండుకున్న మనిషి సరే అనక చస్తుందా. అదే కరువు పని కూలి పద్ధతిగా చేతికొస్తుంటే, ఆవిడ కాసేపు నిలబడి 120 ఇస్తే వస్తాను, లేకపోతే లేదు అనగలదు. ఆ పనికి వెళ్ళకపోయినా, వెళ్ళగలను అన్న ధీమాతోనే బేరం మారిపోతుంది. ఇంతవరకూ అర్థం చేసుకోవడం తేలికే. చిక్కు ప్రశ్న ఇంకొకటి ఉంది. కూలి పెరిగితే పని ఇచ్చేవాళ్ళు తక్కువమందిని పెట్టుకోవాలి కదా, మరి పని కూడా ఎందుకు పెరిగింది? పాఠ్యపుస్తకం ప్రకారం పెరగకూడదు. కానీ పాఠ్యపుస్తకం ఊళ్ళో పని ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారని, వాళ్ళలో వాళ్ళకి పోటీ ఉంటుందని అనుకుంటుంది. ఊళ్ళో భూమి నలుగురైదుగురి చేతిలో ఉంటే పోటీ ఎక్కడిది? అలాంటి చోట ఆసాములు ఇంకో పదిమందిని పెట్టుకోవాలంటే అందరికీ రేటు పెంచాలి, అందుకని తక్కువమందితోనే సరిపెట్టుకుంటారు, రేటు కిందే ఉంచుతారు. బయటినుంచి ఒక కనీస రేటు గట్టిగా నిలబడితే ఆ ఎత్తు పారదు, ఎలాగూ ఆ రేటు ఇవ్వాల్సిందే కాబట్టి పనికి కావలసినంతమందిని పెట్టుకుంటారు. ఇది ఊహ అని కొట్టిపారేయడానికి లేదు. భూమి కొద్దిమంది చేతిలో ఉన్న ఊళ్ళలోనే పని ఎక్కువ పెరిగిందని వాళ్ళ లెక్కల్లో కనపడింది.

ఇంకోటి, కూలీల చేతిలో డబ్బాడితే అది హైదరాబాదు మాల్‌లో ఖర్చవదు. ఊరి కిరాణా కొట్టు, టీ బంకు, టైలరు, సైకిలు రిపేరు, వీటి దగ్గరే తిరుగుతుంది. ఆ మండలాల్లో వ్యవసాయం కాని చిన్నచిన్న వ్యాపారాలు, వాటిలో పనిచేసేవాళ్ళ సంఖ్య కూడా జోరుగా పెరిగాయి, కూలి రేట్లు పెరిగినా సరే.

ఉపాధి హామీ వచ్చాక కూలీలు దొరకడం లేదు, రేట్లు ఆకాశానికంటాయి అని పొలమున్నవాళ్ళు ఎప్పట్నించో చెప్పేమాట ఉంది కదా, అందులో నిజం లేకపోలేదు. భూమి మీద రాబడి తగ్గిందని ఇదే అధ్యయనంలో ఉంది. అంటే కూలీలకి వచ్చిన దాంట్లో కొంత భూమి ఉన్నవాళ్ళ జేబు నుంచే వచ్చింది. వంద ఎకరాల ఆసామి సంగతి వదిలేయండి, ఆయన మీద జాలి అక్కర్లేదు. రెండెకరాల రైతు, కౌలుకి చేసే రైతు, వీళ్ళకి మాత్రం ఇది నిజంగా ఇబ్బందే. పంట ధర వాళ్ళ చేతిలో ఉండదు, ఎరువు ధర వాళ్ళ చేతిలో ఉండదు, ఇప్పుడు కూలి కూడా వాళ్ళ చేతిలో లేదు. మొత్తం మీద ఇది మంచిదేనని నా అభిప్రాయం, కానీ ఎవరికీ నష్టం లేకుండా అందరికీ లాభం అని చెప్పేవాళ్ళని నమ్మొద్దు. ఇంకో హద్దు కూడా చెప్పాలి. ఇది ఒకసారి ఎక్కిన మెట్టు. లీకేజీ ఆగింది, ఆదాయం ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి వెళ్ళింది. ఏటేటా పెరగాలంటే ఫ్యాక్టరీలు, రోడ్లు, కరెంటు, పిల్లల చదువు లాంటివి కావాలి, ఆ పని వేలిముద్ర మిషన్ చేయలేదు.

ఈ కార్డు పథకం 2013 ప్రాంతంలో మూతపడబోయి బతికింది. లీకేజీ ఆగితే నష్టపోయేవాళ్ళు ఎవరో మీకు తెలుసు, వాళ్ళే స్థానిక నాయకులకి దగ్గరి మనుషులు, మంత్రులకి ఫిర్యాదులు చేరేది వాళ్ళ నోటి ద్వారానే. కార్డు పనిచేయడం లేదు, జనం ఇబ్బంది పడుతున్నారు అని పైకి కబుర్లు పోతూనే ఉన్నాయి. లబ్ధిదారులనే అడిగితే నూటికి తొంభై మంది పాత పద్ధతికంటే ఇదే నయం అన్నారు. ఆ సర్వే లెక్క చేతిలో ఉండబట్టే ప్రభుత్వం కొనసాగించింది. లాభపడ్డ లక్షలమంది ఒక్కొక్కళ్ళుగా చెదిరి ఉంటారు, నష్టపోయిన కొద్దిమంది కూడబలుక్కుని ఉంటారు, సంస్కరణలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

ఇక నేను అసలు కీలకం అనుకునేది: కార్డు లేనివాళ్ళకి ఆంధ్రప్రదేశ్ డబ్బు ఆపలేదు. కార్డు చేయించుకోనివాళ్ళకి, వేలిముద్ర పడనివాళ్ళకి పాత పద్ధతిలోనే చెల్లించింది. దానివల్ల దొంగతనానికి కొంత సందు మిగిలింది, నిజమే. కానీ నిజమైన కూలీ ఒక్కరు కూడా ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళకూడదు అన్నది ముందు పెట్టుకున్నారు కాబట్టి ఆ సందుని భరించారు.

దీని పక్కన జార్ఖండ్‌ని పెట్టి చూడండి. అదే ముగ్గురు, దాదాపు అదే టెక్నాలజీ, ఈసారి రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్ర. కోటీ 50 లక్షలమందికి సంబంధించిన ప్రయోగం. ఫలితం ఏమైంది? వేలిముద్ర పెట్టినంత మాత్రాన లీకేజీ తగ్గలేదు, ఎందుకంటే డీలరు ఎవరి పేరు మీదో కాజేయడం లేదు, వచ్చిన మనిషికే తూకంలో తక్కువ ఇస్తున్నాడు, 35 కిలోలకి వేలు వేయించుకుని 30 కిలోలు చేతిలో పెడితే మిషన్‌కి ఏం తెలుస్తుంది. ఆధార్ ముందుగా రేషన్ కార్డుకి కలపనివాళ్ళకి మాత్రం వచ్చే సరుకు 10 శాతం తగ్గింది. తర్వాత, 2017లో, ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. మిషన్ లెక్క ప్రకారం డీలరు దగ్గర ఇంత నిల్వ ఉండాలి కాబట్టి ఈ నెల ఆ మేరకు తగ్గించి పంపుతాం అంది. కాగితం మీద భలే తెలివైన ఆలోచన. ఆ నిల్వ డీలరు ఎప్పుడో అమ్మేసుకున్నాడు, తగ్గించి పంపిన సరుకులో తన లాభం తాను చూసుకుని, కోత జనం మీద వేశాడు. లీకేజీ బాగా తగ్గింది, ప్రభుత్వానికి ఆదా కూడా అయింది, ఆ ఆదాలో కొంత భాగం మాత్రం జనం కంచంలోంచి వచ్చింది. కొన్ని నెలలకే ఆ పద్ధతి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆదా లేదు, జనం బాగుపడ్డారు. జార్ఖండ్‌లో ఆదా ఉంది, జనానికి కోత పడింది. అలాగని ఆదా అంటేనే అనుమానించాలా అంటే అదీ కాదు, బీహార్ సంగతి వేరే. అక్కడ 2012-13లో ఉపాధి హామీ డబ్బు పంచాయతీలకి ముందే పంపడం మానేసి, ఎవరెవరికి ఎన్ని రోజులకి చెల్లించాలో కంప్యూటర్లో ఎక్కించాకే డబ్బు విడుదలయ్యేలా మార్చారు, మధ్యలో ఉన్న ఆఫీసుల అంచెలు తీసేశారు. ఖర్చు తగ్గింది, ఇంటింటికీ తిరిగి అడిగితే జనానికి దొరికిన పని, కూలి మాత్రం తగ్గలేదు. అంటే ఇక్కడ ఆగింది నిజంగానే దొంగసొమ్ము. పథకం నడిపే స్థానిక అధికారులు తమంతట తాము ప్రకటించిన ఆస్తులు కూడా ఆ ప్రాంతాల్లో తగ్గాయట, ఇది చదివినప్పుడు నవ్వాగలేదు. చెప్పక్కర్లేదు, ఆ సంస్కరణ కొన్ని నెలలకే ఆగిపోయింది.

కాబట్టి ఆదా అంకె ఒక్కటే పట్టుకుంటే ఏమీ తెలియదు. దాని పక్కన ఇంకో అంకె కావాలి, ఇళ్ళకి వెళ్ళి అడిగితే వాళ్ళకి ఎంత చేరిందన్నది. మొదటి అంకె ఆఫీసులో కంప్యూటర్ ఇస్తుంది, రెండోది ఎండలో తిరిగితే గానీ రాదు, అందుకే మొదటిదే ఎక్కువ వినపడుతుంది. పైగా మొదటి అంకె కూడా ఒక్కోసారి అనుకున్నది కాదు. గ్యాస్ సబ్సిడీ నేరుగా ఖాతాల్లో వేయడం వల్ల వేల కోట్లు మిగిలాయని 2015-16లో పెద్ద ప్రచారం జరిగింది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ కూర్చుని లెక్క విడదీసింది. 2014 ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా సబ్సిడీ ఖర్చు 35,400 కోట్లు, మరుసటి ఏడాది అవే నెలల్లో 12,084 కోట్లు. తేడా 23,000 కోట్లు దాటింది, నిజమే. అందులో 21,552 కోట్లు అంతర్జాతీయంగా ముడిచమురు ధర పడిపోయి సిలిండర్‌కి ఇచ్చే సబ్సిడీ తగ్గడం వల్ల. సిలిండర్ల వాడకం తగ్గడం వల్ల మిగిలింది 1,764 కోట్లు. నకిలీ కనెక్షన్ల ఏరివేతకి ఏదైనా గొప్ప దక్కాలంటే ఈ చిన్న అంకెలోనే దక్కాలి.

మిషన్ పెట్టాక దాని మాట ప్రకారం ఎవరైనా చర్య తీసుకుంటారా అన్నది ఇంకో పేచీ. రాజస్థాన్‌లో ఉదయపూర్ జిల్లాలో ఆరోగ్య కేంద్రాల నర్సులు డ్యూటీకి రావడం లేదని టైమ్ ముద్రించే మిషన్లు పెట్టారు, రాకపోతే జీతం కోత అన్నారు. మొదట్లో హాజరు బాగా పెరిగింది. తర్వాత పై అధికారులే ఫలానా రోజు ఈ నర్సుకి మినహాయింపు అని రాసివ్వడం మొదలుపెట్టారు, 16 నెలలు తిరిగేసరికి మిషన్ ఉన్న చోటుకీ లేని చోటుకీ తేడా లేకుండా పోయింది. మిషన్‌కేమీ కాలేదు, అది టైము సరిగ్గానే ముద్రిస్తోంది.

మన దగ్గర 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులని కంప్యూటరీకరించారు. రోజులు పట్టే పని గంటలో అవుతుందని దేశవిదేశాల్లో పేరొచ్చింది. కొన్నేళ్ళ తర్వాత ఆఫీసుల్లో కూర్చుని గమనించినవాళ్ళు చూస్తే పని వేగం పెరిగింది గానీ డాక్యుమెంట్ రైటర్ చేతిమీదుగా వెళ్ళే మామూళ్ళు పోలేదు. స్థలం కొన్నవాళ్ళెవరికైనా ఇది ప్రత్యేకంగా చెప్పాలా.

అన్నిటికంటే వింత ఉపాధి హామీ హాజరు యాప్‌ది. 2023 జనవరి 1 నుంచి పనిచోట రోజుకి రెండుసార్లు కూలీల ఫోటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. ఫోటోలో టైము ఉంటుంది, ఎక్కడ తీశారో ఉంటుంది, ఇక మోసం ఎలా చేస్తారు? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి ఉత్తరం రాసింది: పనికి సంబంధంలేని ఫోటోలు ఎక్కిస్తున్నారు, పాత ఫోటోకి ఫోటో తీసి ఎక్కిస్తున్నారు, ఫోటోలో ఉన్న మనుషులకీ లెక్కలో ఉన్న మనుషులకీ పొంతన లేదు అని. దానికి విరుగుడు ఏం చెప్పారంటే, పంచాయతీ స్థాయిలో ఫోటోలన్నీ మనుషులే కూర్చుని సరిచూడాలట. నెట్‌వర్క్ లేని గుట్టమీద ఫోటో ఎక్కక మధ్యాహ్నం దాకా టెన్షన్ పడే కూలీకి వచ్చిన లాభం ఏంటో మాత్రం ఎవరూ లెక్కకట్టలేదు. ఈ పథకంలోనే 2022-23లో 5 కోట్ల 18 లక్షలమంది కూలీల పేర్లు జాబితాల్లోంచి తీసేశామని ప్రభుత్వం పార్లమెంటుకి చెప్పింది, అంతకుముందు ఏడాది అది కోటీ 49 లక్షలు. అందులో దొంగ పేర్లు ఉంటాయి, చనిపోయినవాళ్ళు ఉంటారు, ఊరొదిలి వెళ్ళినవాళ్ళు ఉంటారు. పొరపాటున పోయినవాళ్ళు ఎందరు అన్నదే మనకి కావలసిన అంకె.

వస్తువులు కొనడం గురించి ఒక్కమాట. పెరూ దేశం 2008 నుంచి పిల్లలకి లాప్‌టాప్‌లు పంచింది, 8 లక్షలకి పైగా. 319 బడుల్లో పరీక్ష పెట్టి చూస్తే లెక్కల్లో గానీ భాషలో గానీ మార్కులు పెరగలేదు. లాప్‌టాప్ కొన్నారు గానీ బడిలో పాఠం చెప్పే పద్ధతి మార్చలేదు. మన దగ్గర టాబ్‌లు పంచుతామన్న ప్రతి ప్రభుత్వానికీ ఈ రిపోర్టు ఒక కాపీ పంపించాలి.

చౌకలో బాగా పనిచేసిన టెక్నాలజీ ఏదైనా ఉందా అంటే ఉంది, తెలంగాణలోనే. 2018 మే నెలలో రైతుబంధు మొదలైంది, ఎకరానికి 4,000 రూపాయల చెక్కులు, 57 లక్షలమంది రైతులు. చెక్కు పంచాల్సిన బాధ్యత మండల వ్యవసాయ అధికారుల మీద. కొన్ని మండలాలని లాటరీలో ఎంచుకుని, అక్కడి అధికారులకి ముందే ఒక మాట చెప్పారు: మీ మండలంలో రైతులకి ఫోన్ చేసి చెక్కు అందిందా, ఎప్పుడు అందింది, ఎవరైనా డబ్బడిగారా అని అడుగుతాం, దాన్నిబట్టి మీ పనితీరు చూస్తాం అని. అంతే. కొత్త మిషన్ లేదు, యాప్ లేదు, రైతు వేలు ఎక్కడా ఆనించక్కర్లేదు. చెక్కు అందని రైతుల సంఖ్య ఆ మండలాల్లో 7.8 శాతం తగ్గింది. అదనంగా రైతులకి చేరిన ప్రతి 100 రూపాయలకీ అయిన ఖర్చు 3 రూపాయల 60 పైసలు. ఇందులో అడిగింది మిషన్‌ని కాదు, డబ్బు అందాల్సిన మనిషిని. కష్టం పడాల్సింది ఆఫీసరు, రైతు కాదు. ఇంత తేలికైన పని మిగతా పథకాల్లో రోజువారీగా ఎందుకు జరగదో నాకు ఇప్పటికీ అర్థం కాదు, లేదా బాగా అర్థమవుతుంది.

దీనికీ ఒక హద్దు ఉంది. రైతుబంధు వెళ్ళింది పట్టాదారు పాస్‌బుక్ ఉన్నవాళ్ళకి. భూమి ఒకరిది, సాగు ఇంకొకరిది అయినచోట డబ్బు భూమి యజమానికి చేరింది, చెక్కు అందిందా అని ఫోన్ వచ్చినా ఆయనకే వచ్చింది, అందిందండీ అని చెప్పి పెట్టేశాడు. ఆ పొలంలో అప్పటికే విత్తనాలకి అప్పు చేసిన కౌలు రైతు పేరు జాబితాలో లేదు కాబట్టి అతన్ని అడిగేవాళ్ళు లేరు, లీకేజీ లెక్కలోనూ అతను లేడు. జాబితాలో ఎవరుండాలి అన్నది అసెంబ్లీలో తేలాల్సిన విషయం, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తేల్చలేదు.